ఈరీ సరస్సులో వాలై వేట

వాలై ఉత్తర అమెరికాలోని చల్లని మంచినీటి సరస్సుల్లో, నదుల్లో బతికే వేటాడే చేప. శాస్త్రీయ నామం సాండర్ విట్రియస్. పెర్చ్ కుటుంబానికి చెందుతుంది. ఆ ఖండంలో ఈ కుటుంబపు చేపల్లో ఇంతకన్నా పెద్దది లేదు. కెనడాలో చాలాచోట్ల దీన్ని పికరెల్ అంటారు. అమెరికాలో మినెసోటా, దక్షిణ డకోటా రాష్ట్రాలకూ, కెనడాలో మానిటోబా, సస్కాచువాన్ ప్రావిన్సులకూ ఇదే అధికారిక చేప. అయితే గాలం వేసేవారిని వాలై వేటకు ఎక్కడికి వెళ్లాలని అడిగితే ముందుగా చెప్పే పేర్లలో ఈరీ సరస్సు తప్పక ఉంటుంది. దక్షిణ తీరంలో ఉన్న పోర్ట్ క్లింటన్ అనే చిన్న ఊరు తనను తాను ప్రపంచ వాలై రాజధానిగా చెప్పుకుంటుంది. ఏటా డిసెంబరు 31 అర్ధరాత్రి అక్కడ 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ వాలై బొమ్మను క్రేనుతో కిందికి దించి కొత్త సంవత్సరానికి స్వాగతం పలుకుతారు.

ఈ చేపను గుర్తుపట్టడం తేలిక. ఒళ్లు బంగారు ఛాయ కలిసిన ముదురాకుపచ్చ, పొట్ట తెలుపు. వెన్ను మీద రెండు రెక్కలుంటాయి. ముందు రెక్క నిండా పదునైన ముళ్లు, దాని వెనుక కొస అడుగున నల్లటి మచ్చ. తోక కింది కొస తెల్లగా ఉంటుంది. ఈ మచ్చనూ ఆ తెలుపునూ చూసే దగ్గరి చుట్టమైన సాగర్ చేప నుంచి దీన్ని వేరు చేస్తారు. నోట్లో కోరపళ్లుంటాయి. మొప్పల అంచులు చెయ్యి కోసుకుపోయేంత పదునుగా ఉంటాయి. మామూలుగా గాలానికి పడేవి కిలో నుంచి రెండు కిలోల దాకా తూగుతాయి. 1999లో ఈరీలో పట్టిన 16.19 పౌండ్ల చేప, అంటే దాదాపు 7.3 కిలోలది, ఒహాయో రాష్ట్ర రికార్డు.

లోతు తక్కువ, చేప ఎక్కువ

అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఐదు మహా సరస్సుల్లో ఈరీ ఒకటి. సరిహద్దు రేఖ సరిగ్గా సరస్సు మధ్యగా పోతుంది. ఉత్తరాన కెనడాలోని ఒంటారియో ప్రావిన్సు, మిగతా పక్కల అమెరికాకు చెందిన మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాలు ఉన్నాయి. పొడవు సుమారు 388 కిలోమీటర్లు, వెడల్పు 92 కిలోమీటర్లు, వైశాల్యం దాదాపు 25,700 చదరపు కిలోమీటర్లు. ఇంత విశాలమైనా ఐదింటిలోనూ నీరు తక్కువున్నది ఇదే, ఎందుకంటే లోతు లేదు. పడమటి భాగంలో సగటు లోతు ఏడున్నర మీటర్లకు మించదు. మధ్య భాగంలో అది 18 మీటర్లు. తూర్పు భాగంలో మాత్రం ఒకచోట 64 మీటర్ల దాకా ఉంటుంది. డెట్రాయిట్ నది పడమట నీళ్లు తెచ్చి పోస్తే, తూర్పున నయాగరా నది వాటిని బయటికి తీసుకుపోతుంది. సరస్సులో నీరంతా మారడానికి రెండున్నరేళ్లు చాలు.

లోతు లేని నీరు వసంతంలో త్వరగా వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న పొలాల నుంచి నదులు పోషకాలు మోసుకొస్తాయి. నీటిలో కంటికి కనిపించని నాచు, దాన్ని తినే సూక్ష్మజీవులు, వాటిని తినే షైనర్, షాడ్ వంటి చిన్న చేపలు సమృద్ధిగా పెరుగుతాయి. ఆ చిన్న చేపలే వాలైకి ఆహారం. అందుకే మహా సరస్సుల్లో చేపలు ఎక్కువ దొరికేది ఈరీలోనే. పడమటి భాగం అడుగున రాతి దిబ్బలు, గులకరాళ్ల మెట్టలు ఉన్నాయి. నయాగరా రీఫ్, టూసాంట్ రీఫ్ అలాంటివి. వాలై గుడ్లు పెట్టడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

చీకట్లో చూసే కన్ను

వాలై వేటలో మెలకువలన్నీ దాని కన్ను చుట్టూనే తిరుగుతాయి. ఈ చేప కంటి వెనుక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంది. రాత్రి రోడ్డు మీద లైటు పడగానే పశువుల కళ్లు మెరిసేది ఇలాంటి పొర వల్లే. కంట్లోకి వచ్చిన వెలుతురు ఒకసారి దృష్టి కణాల గుండా వెళ్లి, ఈ పొరకు తగిలి, మళ్లీ అవే కణాల మీదుగా వెనక్కి వస్తుంది. కొద్దిపాటి వెలుతురునే కన్ను రెండుసార్లు వాడుకుంటుందన్నమాట. అందుకే మసక వెలుతురులోనూ, బురద నీటిలోనూ వాలై స్పష్టంగా చూడగలదు. దాని ఎర చేపలకు అంత చూపు ఉండదు. వాలై ఆ తేడాను ఆసరా చేసుకుని వేటాడుతుంది.

గాలం వేసేవారి పద్ధతులు దీన్ని బట్టే ఏర్పడ్డాయి. నీరు తేటగా ఉండి ఎండ కాస్తుంటే వాలై లోతుకు దిగిపోతుంది, మేత మీద ధ్యాస తగ్గుతుంది. తెల్లవారుజాము, సంజె వేళ, మబ్బు పట్టిన పగలు దానికి అనుకూలం. ఓ మోస్తరు గాలి వీచి నీటి మీద చిన్న అలలు లేస్తే వెలుతురు చెదిరి లోపలికి తక్కువగా దిగుతుంది. అలాంటి పూట పట్టపగలు కూడా చేప పడుతుంది. బురద నీరూ తేట నీరూ కలిసే గీత వెంబడి పడవలు బారులు తీరేది కూడా ఇందుకే. బురద వైపు దాక్కున్న వాలై తేట వైపు వచ్చే చిన్న చేపల కోసం కాచుకుని ఉంటుంది.

రాళ్ల మీద పుట్టుక

మంచు కరిగాక, మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా, నీటి ఉష్ణోగ్రత 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు వాలై గుడ్లు పెడుతుంది. కొన్ని చేపలు సరస్సులోని రాతి దిబ్బల మీదికి చేరతాయి. కొన్ని మౌమీ, సాండస్కీ వంటి నదుల్లోకి ఎదురీది వెళ్తాయి. ఎక్కువగా రాత్రిపూట, ఒక ఆడ చేప చుట్టూ కొన్ని మగ చేపలు చేరి, లోతు లేని చోట గుడ్లు వదులుతాయి. పెద్ద ఆడ చేప ఒక్క విడతలో లక్షల గుడ్లు పెడుతుంది. గూడు కట్టడం, కాపలా కాయడం ఉండదు. గుడ్లు గులకరాళ్ల సందుల్లో పడి, నీటి వేడిని బట్టి రెండు మూడు వారాల్లో పొదుగుతాయి.

ఆ రెండు మూడు వారాలే కీలకం. ఏప్రిల్‌లో తుపాను గాలి లేస్తే దిబ్బల మీది గుడ్లు కొట్టుకుపోయి బురదలో కూరుకుపోతాయి. బయటికి వచ్చిన పిల్లలు సెంటీమీటరు కూడా ఉండవు. వాటికి సరిగ్గా ఆ రోజుల్లో సూక్ష్మజీవుల మేత దొరకాలి. నీరు నిలకడగా వేడెక్కి, గాలి నెమ్మదించి, మేత సమయానికి అందిన ఏడాది పిల్లలు విపరీతంగా బతుకుతాయి. అవన్నీ కలవని ఏడాది అతి కొద్దిగానే మిగులుతాయి. 1982, 2003 సంవత్సరాల్లో పుట్టిన చేపలు అలా విస్తారంగా బతికి, తర్వాత చాలా ఏళ్లు వేటను నిలబెట్టాయి. 2015, 2018 కూడా అలాంటి సంవత్సరాలే. ఈరీ వాలై వేట మొత్తం ఇలాంటి కొద్దిపాటి మంచి ఏళ్ల మీద ఆధారపడి నడుస్తుంది.

పిల్లలు మొదటి శరదృతువుకల్లా జానెడు పొడవవుతాయి. రెండు మూడేళ్లలో పట్టదగ్గ సైజుకు వస్తాయి. ఆడ చేపలు మగవాటికన్నా పెద్దగా పెరుగుతాయి. 20 ఏళ్లు దాటి బతికేవీ ఉన్నాయి.

రుతువును బట్టి వేట

వసంతంలో వేట రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది రాతి దిబ్బల మీద. పడవను గాలివాటుగా మెల్లగా కొట్టుకుపోనిస్తూ, సీసపు తలకు రంగురంగుల వెంట్రుకల కుచ్చు కట్టిన జిగ్ అనే గాలాన్ని నిటారుగా అడుక్కి దించుతారు. గాలం కర్రను జానెడు పైకి లేపి, దారం వదులు కాకుండా మళ్లీ దించుతారు. చల్లటి నీటిలో వాలై గట్టిగా లాగదు. జిగ్ దిగుతుండగా నోట పట్టుకుంటుంది. మళ్లీ ఎత్తేటప్పుడు కర్ర చివర కాస్త బరువు తగులుతుంది, అంతే. ఆ బరువును వేళ్లతో పసిగట్టి వెంటనే కర్రను పైకి గుంజినవారికే చేప దక్కుతుంది.

రెండోది మౌమీ నదిలో. టొలీడో నగరానికి కాస్త ఎగువన, నడుము లోతు చల్లటి నీటిలో రబ్బరు దుస్తులు వేసుకుని వేటగాళ్లు వందల మంది వరుసగా నిలబడతారు. సీసం గుండు అడుగున దొర్లుతుంటే, తేలికైన గాలం దాని వెనుక కాస్త పైన తేలుతూ వెళ్లేలా దారం కడతారు. ఇక్కడ నియమం కఠినం. గాలం చేప నోటి లోపల గుచ్చుకోవాలి. ఒంటికో తోకకో తగిలి వచ్చిన చేపను తిరిగి నీళ్లలో వదిలేయాల్సిందే. గుడ్లు పెట్టే రోజుల్లో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా నదిలో వేట నిషేధం.

మే నెల నుంచి వానపాము ఎర రాజ్యమేలుతుంది. దాన్ని కట్టే తీరు ప్రత్యేకం. మీటరున్నర సన్న దారం చివర ఒకదాని వెనుక ఒకటిగా రెండు కొక్కేలు. వాటి ముందు వరుసగా నాలుగైదు ప్లాస్టిక్ పూసలు, పూసల ముందు గిరగిర తిరిగే చిన్న రేకు. పెద్ద వానపాము తలను ముందు కొక్కేనికీ, నడుమును వెనుక కొక్కేనికీ గుచ్చి, మిగతా ఒంటిని చాపుగా వదిలేస్తారు. పడవ మనిషి నడిచేదానికన్నా నెమ్మదిగా కదులుతుంటే రేకు తళుక్కుమంటూ నీటిని కదిలిస్తుంది. ఆ మెరుపుకూ, ఆ కదలికకూ వాలై వస్తుంది. జూన్‌లో సరస్సు అడుగు బురద నుంచి మేఫ్లై పురుగులు కోట్ల సంఖ్యలో పైకి లేస్తాయి. వాతావరణ రాడార్లలో కూడా మబ్బుల్లా కనిపించేంత దట్టంగా ఎగురుతాయి. ఆ రోజుల్లో వాలై ఈ పురుగులతోనే కడుపు నింపుకుంటుంది.

ఎండాకాలం ముదిరేకొద్దీ పెద్ద చేపలు చల్లటి నీటిని, చిన్న చేపల గుంపులను వెతుక్కుంటూ తూర్పుకు సాగుతాయి. చేప ఒంట్లో శబ్ద సంకేతాలు పంపే చిన్న పరికరాలు అమర్చి శాస్త్రవేత్తలు ఈ ప్రయాణాలను గమనిస్తున్నారు. పడమటి దిబ్బల మీద గుడ్లు పెట్టిన వాలై తూర్పు చివరి దాకా వెళ్తుందనీ, కొన్ని డెట్రాయిట్ నది మీదుగా హ్యురాన్ సరస్సు చేరుకుంటాయనీ తేలింది. వేట కూడా వాటి వెంటే క్లీవ్‌లాండ్ వైపు కదులుతుంది. ఇక్కడి పద్ధతి ట్రోలింగ్, అంటే నడిచే పడవ వెనుక దారాలు లాగడం. దారాలు చిక్కుపడకుండా ప్లానర్ బోర్డులు కడతారు. నీటి మీద తేలే ఈ పలకలు పడవ లాగుతుంటే పక్కకు జరిగి, ఒక్కో దారాన్ని దూరంగా తీసుకుపోతాయి. డైవర్లు అనే పరికరాలు గాలాన్ని కావలసిన లోతుకు దించుతాయి. ఏ లోతులో చేప ఉందో సోనార్ తెరలో చూసి, ఎర దానికి కాస్త పైగా నడిచేలా దారం పొడవు సరిచేస్తారు. ఎందుకంటే వాలై కిందినుంచి పైకి చూస్తూ వేటాడే చేప.

అక్టోబరు, నవంబరుల్లో షాడ్ గుంపులు ఒడ్డుకు చేరతాయి. వాటి వెంట పెద్ద వాలైలు వస్తాయి. చలికాలానికి కొవ్వు పట్టించుకునే ఆ చేపల కోసం రాత్రిపూట రేవుల గట్టు మీద నిలబడి, సన్నగా పొడవుగా చిన్న చేప ఆకారంలో ఉండే కృత్రిమ ఎరలు విసురుతారు. జనవరి, ఫిబ్రవరుల్లో పడమటి భాగం గడ్డకడితే, మంచులో బొరియలు తొలిచి వేటాడతారు. మంచు మీద చిన్న గుడారం, మెరిసే లోహపు ఎరకు గుచ్చిన చిన్న చేప, పక్కన సోనార్ ఉంటే చాలు.

గాలితో, మంచుతో జాగ్రత్త

లోతు లేనితనమే ఈ సరస్సును ప్రమాదకరం కూడా చేస్తుంది. గాలి పెరిగితే అరగంటలో నిటారైన పొట్టి అలలు ఒకదాని మీద ఒకటి లేచి చిన్న పడవలను ముంచుతాయి. నైరుతి గాలి గట్టిగా వీస్తే నీరంతా తూర్పున బఫలో వైపు తోసుకుపోయి, టొలీడో దగ్గర రేవులు ఎండిపోతాయి. రెండు చివరల మట్టాల మధ్య తేడా రెండు మీటర్లు దాటిన సందర్భాలున్నాయి. మంచు మరీ నమ్మదగింది కాదు. 2009 ఫిబ్రవరిలో తీరం నుంచి మంచు పలక విడిపోయి వందమందికి పైగా వేటగాళ్లు సరస్సులో చిక్కుకున్నారు. హెలికాప్టర్లు, గాలిపంకాతో నడిచే పడవలు వారిని ఒడ్డుకు చేర్చాయి. ఒకరు ప్రాణం కోల్పోయారు.

సొంత పడవ లేనివారి కోసం అద్దె పడవలున్నాయి. చిన్న అద్దె పడవ నడిపే కెప్టెన్‌కు తీరరక్షక దళం ఇచ్చే లైసెన్సు ఉండాలి. దానితో ఆరుగురు ప్రయాణికులను మాత్రమే ఎక్కించుకోవచ్చు. ఒహాయోలో 16 ఏళ్లు నిండినవారికి వేట లైసెన్సు తప్పనిసరి. ఇటీవలి సంవత్సరాల్లో మనిషికి రోజుకు ఆరు వాలైలు, ఒక్కోటి కనీసం 15 అంగుళాలు అన్నది పరిమితి.

ఇంత ఆరాటమూ చాలావరకు తిండి కోసమే. వాలై మాంసం తెల్లగా, పొరలు పొరలుగా, నీచువాసన లేకుండా ఉంటుంది. వెన్నెముకకు ఇరువైపులా ముల్లు లేని రెండు ముక్కలు కోసి, పిండిలోనో బ్రెడ్ పొడిలోనో దొర్లించి నూనెలో వేయిస్తారు. తీరంలోని హోటళ్లలో ఇది ప్రధాన వంటకం. చేప పెద్దదైనకొద్దీ ఒంట్లో పాదరసం చేరే అవకాశం ఎక్కువ. అందుకే పెద్ద చేపలను మితంగా తినమని, గర్భిణులు, పిల్లలు మరీ జాగ్రత్త పడాలని ప్రభుత్వాలు సూచిస్తాయి.

పోటీల్లో డబ్బు కూడా పెద్దదే. 2022 సెప్టెంబరులో క్లీవ్‌లాండ్‌లో జరిగిన ఒక పోటీలో బరువు అనుమానం కలిగించడంతో పోటీ నిర్వాహకుడు చేపల పొట్టలు కోసి చూశారు. లోపల సీసపు గుండ్లు, వేరే చేపల ముక్కలు బయటపడ్డాయి. పట్టుబడిన ఇద్దరికీ మరుసటి ఏడాది కోర్టు పది రోజుల జైలు శిక్ష వేసింది, పడవ జప్తయింది.

పతనం, మళ్లీ లేవడం

ఇప్పటి సమృద్ధి ఎప్పుడూ ఉన్నది కాదు. 1950ల మధ్య దాకా వలలతో వాలైని విపరీతంగా పట్టారు. ఆ వెంటనే చేప పడిపోయింది. పట్టణాల మురుగు, కర్మాగారాల వ్యర్థాలు, డిటర్జెంట్లలోని భాస్వరం సరస్సును కమ్మేశాయి. నాచు కుళ్లి అడుగు నీటిలో ఆక్సిజన్ అయిపోవడంతో 1953లో మేఫ్లైలు కుప్పకూలాయి. వాలైకి అతి దగ్గరిదైన బ్లూ పైక్ అనే నీలిరంగు చేప ఈరీలో ఒకప్పుడు టన్నులకొద్దీ దొరికేది. అది పూర్తిగా కనుమరుగైంది. 1983లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిన జీవిగా ప్రకటించింది. 1969 జూన్‌లో ఈరీలో కలిసే కయహోగా నది మీద తేలుతున్న నూనె వ్యర్థాలు మండాయి. ఈరీ చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. 1970లో వాలై ఒంట్లో పాదరసం ఎక్కువగా ఉందని తేలింది. సరస్సుకు నీరిచ్చే నదుల గట్టున ఉన్న రసాయన కర్మాగారాల నుంచి అది వచ్చింది. వెంటనే వేటను నిలిపివేశారు.

ఆ నిలుపుదల చేపకు ఊపిరి పోసింది. 1972లో అమెరికా, కెనడాలు మహా సరస్సుల నీటి నాణ్యతపై ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడాది అమెరికాలో శుద్ధ జలాల చట్టం వచ్చింది. మురుగు శుద్ధి పెరిగింది, డిటర్జెంట్లలో భాస్వరం తగ్గింది. వేట మళ్లీ తెరిచినప్పుడు పాత పద్ధతికి తిరిగి వెళ్లలేదు. ఒహాయో తన వాటా వాలైని గాలం వేసేవారికే కేటాయించింది. ఒంటారియోలో వలల వేట కొనసాగింది, కానీ లెక్క ప్రకారం. 1976 నుంచి ఏటా ఎన్ని చేపలు పట్టవచ్చో కోటా నిర్ణయిస్తున్నారు. 1982 చేపలు పెరిగి పెద్దవయ్యేసరికి సరస్సు కళకళలాడింది. 1990ల మొదట్లో మేఫ్లైలు కూడా తిరిగొచ్చాయి.

ఈ కోటా పద్ధతి శ్రద్ధగా తెలుసుకోదగ్గది. మహా సరస్సుల మత్స్య సంఘం కింద నాలుగు రాష్ట్రాలు, ఒంటారియో కలిసి ఈరీ కమిటీగా పనిచేస్తాయి. ప్రతి ఆగస్టులో పడమటి భాగంలో ట్రాల్ వలలు లాగి, ఆ ఏడాది పుట్టిన పిల్లలను లెక్కిస్తారు. శరదృతువులో పెద్ద చేపలను పట్టి చూస్తారు. చేప చెవి భాగంలోని చిన్న రాయిని కోసి, అందులోని వలయాలను బట్టి వయసు నిర్ధారిస్తారు. ఏ వయసు చేపలు ఎన్ని ఉన్నాయో అంచనా వేసి, మార్చిలో కోటా ప్రకటిస్తారు. దాన్ని వీటిలో మూడింటికి నీటి విస్తీర్ణాన్ని బట్టి పంచుతారు. ఒహాయోకు 51.11 శాతం, ఒంటారియోకు 43.06 శాతం, మిషిగన్‌కు 5.83 శాతం. పిల్లలు సరిగా బతకని ఏళ్లు వరుసగా వచ్చాక, 2010లో కోటాను 22 లక్షల చేపలకు కుదించారు. మంచి ఏళ్ల చేపలు ఎదిగాక 2020కల్లా అది కోటి దాటింది. పుట్టుకను శాసించడం మనిషి చేతిలో లేదు. పుట్టినవాటిని లేని ఏళ్లకు కూడా సరిపోయేలా వాడుకోవడం మాత్రం అతని చేతిలోనే ఉంది. రెండు దేశాలు ఒకే లెక్కకు కట్టుబడటం వల్లే అది సాధ్యమైంది.

ఇప్పటి సవాళ్లు

1980ల చివర ఓడలు నిలకడ కోసం నింపుకునే నీటితో వచ్చిన జీబ్రా ఆల్చిప్పలు, వాటి తర్వాత క్వాగా ఆల్చిప్పలు సరస్సు అడుగునంతా పరుచుకున్నాయి. అవి నీటిని వడకట్టి తేటపరుస్తాయి. తేట నీరు చూడ్డానికి బాగానే ఉన్నా వాలై కంటికి పడదు. పైగా చేప పిల్లలకు దక్కాల్సిన మేతను ఆల్చిప్పలు లాక్కుంటాయి.

అంతకన్నా పెద్ద బెడద భాస్వరం. ఇప్పుడది ఎక్కువగా మౌమీ నది పరీవాహక ప్రాంతంలోని పొలాల ఎరువుల నుంచి, పశువుల పెంటల నుంచి వస్తోంది. దానివల్ల దాదాపు ప్రతి వేసవిలో పడమటి భాగం విషపూరితమైన పచ్చటి నాచుతో కప్పబడుతోంది. 2014 ఆగస్టులో ఆ విషం మంచినీటి పథకంలోకి చేరి, టొలీడో పరిసరాల్లో నాలుగు లక్షల మందికి పైగా రెండు మూడు రోజులు కుళాయి నీరు తాగలేకపోయారు. మధ్య భాగంలో వేసవి చివర అడుగు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. పైన వేడి నీరు, కింద ఊపిరాడని నీరు. మధ్యలోని సన్నటి పొరలోకి వాలై నెట్టబడుతుంది. పడమటి, మధ్య భాగాలకు చేరే భాస్వరాన్ని 2008 నాటి స్థాయి నుంచి 40 శాతం తగ్గించాలని రెండు దేశాలు 2016లో లక్ష్యం పెట్టుకున్నాయి. మురుగు గొట్టం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది కాబట్టి దాన్ని కట్టేయవచ్చు. వేల పొలాల నుంచి వాన నీటితో పారే ఎరువును ఆపడానికి మాత్రం ప్రతి రైతు సహకారం కావాలి.

మరోవైపు పాత తప్పులను దిద్దే పనులూ సాగుతున్నాయి. సాండస్కీ నది మీద ఉన్న బాల్‌విల్ ఆనకట్టను 2018లో తొలగించడంతో, వాలై గుడ్లు పెట్టడానికి ఎగువన ఉన్న రాతి నేలలకు దారి తెరుచుకుంది. గుడ్లకు శుభ్రమైన రాళ్లు, పిల్లలకు వేళకు మేత, పెద్ద చేపకు ఊపిరాడే నీరు, వేటకు హద్దు ఉన్నంతకాలం ఈరీలో వాలైకి లోటుండదు. వీటిలో ఏది తప్పినా ఏం జరుగుతుందో 1950ల తర్వాతి రెండు దశాబ్దాలు చూపించాయి.